పదడుగుల లోతు

"నా చేత కాదు పెద్దమ్మా! చెవులు పగిలిపోతాండాయి" అంది ఖాసింబీ, ఈతకొలను గట్టు పట్టుకుని దగ్గుతూ. పైకి తేవాల్సిన ఇటుక ఇంకా అడుగునే ఉంది.

గట్టుకు దూరంగా కుర్చీలో కూర్చున్న ఉమ్ సాలెం చేతికర్రతో నేలను టకటకా కొట్టింది. "మళ్లీ దిగు. యల్లా, త్వరగా!"

అరబ్బు దేశపు ఊరు అల్ రయ్యాన్‌లో ఆ ఇంటి యజమాని సాలెం. ఎనభై ఏళ్ల ఉమ్ సాలెం ఆయన తల్లి. రాయచోటి నుంచి వచ్చిన ఖాసింబీ, సాలెం మూడేళ్ల కూతురు నూరాను చూసుకుంటుంది. పోయిన నెల నూరా కొలనులో జారిపడితే ఖాసింబీ గట్టు మీద నిలబడి కేకలు పెట్టగలిగిందంతే. డ్రైవర్ అమర్నాథ్ దూకి తీశాడు కాబట్టి పిల్ల దక్కింది. ఇప్పుడు కొలనుకు భద్రతా తనిఖీ. పగలంతా పిల్ల దగ్గరుండే మనిషి, మునిగిన పిల్లను పైకి తేగలనని అధికారి ఎదుట చేసి చూపించాలి. చూపించలేకపోతే ఈత వచ్చిన ఆయాను పెట్టుకుంటానన్నాడు సాలెం.

తనిఖీ రేపే.

కొలను చుట్టూ ఎత్తయిన కంచె, దానికి నిండా పరదా. అవతలి నుంచి గేటు గొళ్లెం బిగిస్తూ అమర్నాథ్ అన్నాడు. అతనిది కైకలూరు.

"ఖాసింబీ, గేటు దానంతటదే మూసుకుంటోంది. అడుగున తూముకు కొత్త జాలీ వేయించాను. లోతు అంకెలు రాయించాను, రబ్బరు ట్యూబు తగిలించాను. ఇక మిగిలింది నువ్వే. కుదరకపోతే చెప్పు, సాలెం గారితో నేను మాట్లాడతాను. ప్రాణం మీదికి తెచ్చుకోకు."

"నువ్వు మాట్లాడినా నన్ను ఊరికే పంపిస్తారు గదన్నా."

"పంపితే వెళ్దువుగాని. ఊళ్లో పని దొరక్కపోతుందా?"

"పని దొరుకుతాది. నూరా యాడ దొరుకుతాది?"

అమర్నాథ్ మళ్లీ గొళ్లెం బిగించసాగాడు.

"ఏమంటాడు వాడు?" అని అరబ్బీలో అడిగింది ఉమ్ సాలెం.

"వద్దంటున్నాడు" అంది ఖాసింబీ అదే భాషలో. ఇక్కడికొచ్చిన తొమ్మిదేళ్లలో ఆ భాష బాగానే పట్టుబడింది.

"వాణ్ణి గేటు చూసుకోమను. నువ్వు నా మాట విను. తల ముందు పెట్టి నీళ్లను తన్నుతున్నావు. అలా కాదు. నిండా ఊపిరి తీసుకుని నిటారుగా దిగు, కాళ్లు కిందికి. చెవులు నొప్పెట్టక ముందే ముక్కు మూసుకుని గాలిని చెవుల్లోకి తొయ్యి. అడుగు తగిలాక ఐదు దాకా లెక్కపెట్టు."

"ఐదా? అంతసేపు కిందనే ఉండాలా?"

"భయపడే వాళ్లు ఆ ఐదు లెక్కపెట్టరు. వట్టి చేతులతో పైకొస్తారు."

ఆ సాయంత్రం ఖాసింబీ ఏడుసార్లు దిగింది. ఇటుక పైకొచ్చింది ఒక్కసారే.

మర్నాడు తొమ్మిదింటికి తనిఖీ అధికారిణి వచ్చింది. ఒళ్లంతా కప్పే నల్ల అబాయా, పెద్ద సంచీ, నవ్వని ముఖం. మగవాళ్లంతా కంచె అవతలికి వెళ్లారు. ఆవిడ గేటును మూడుసార్లు తెరిచి వదిలింది. మూడుసార్లూ మూసుకుంది. జాలీ చూసింది, ట్యూబును గుంజి చూసింది. తర్వాత సంచీలోంచి ఇసుక నింపిన బొమ్మను తీసింది. సరిగ్గా నూరా అంత ఉంది. నీలం గౌను తొడిగి ఉంది. చెప్పాపెట్టకుండా దాన్ని పదడుగుల లోతు వైపు విసిరేసింది.

"మీ పిల్ల పడిపోయింది" అంది.

పోయిన నెల లాగే ఖాసింబీ కాళ్లు గట్టుకు అతుక్కుపోయాయి. గౌను నీళ్లలో ఒక్కసారి గొడుగులా విచ్చుకుని కిందికి జారిపోయింది.

"ఖాసింబీ! యల్లా!"

కర్ర నేల మీద పడ్డ చప్పుడుకి ఆమె దూకేసింది.

చెవుల్లో సూదులు గుచ్చుకోబోతుండగా ముక్కు మూసుకుని గాలి తోసింది. నొప్పి తగ్గింది. పాదాలకు అడుగు పలకలు తగిలాయి. చేతులు చాపితే నీళ్లు తప్ప ఏమీ లేవు. బొమ్మ ఎటో దొర్లిపోయింది. పైకి పోదామని ఒళ్లంతా కొట్టుకుంది. ఒకటి. రెండు. మూడు. కళ్లు మండుతున్నాయి. నాలుగు. ఎడమ వైపు నీలంగా ఏదో కదిలింది. దాన్ని గుప్పిట బిగించి పట్టుకుని, అడుగును ఒక్క తన్ను తన్నింది.

పైకొచ్చేసరికి ఉమ్ సాలెం లేచి నిలబడి ఉంది. కుర్చీ వెనక్కి పడిపోయింది.

"ఏమైంది? ఎవరైనా చెప్పండి!" కంచె అవతల అమర్నాథ్ అరుస్తున్నాడు.

"తెచ్చినానన్నా!" బొమ్మను గుండెకు హత్తుకుని, ఏడుస్తూ నవ్వుతూ కేక పెట్టింది ఖాసింబీ. "నా బిడ్డను తెచ్చినా!"

అధికారిణి గడియారం చూసుకుంది. "ఇరవై ఆరు సెకన్లు. నలభై దాకా ఇస్తాం." కాగితం మీద సంతకం పెట్టి, మొదటిసారి నవ్వింది. "పాస్. అలా నిటారుగా దిగడం ఈ రోజుల్లో ఎవరూ నేర్పరు. నీకు ఈత నేర్పిన కోచ్ ఎవరు?"

ఖాసింబీ గర్వంగా ముసలమ్మ వైపు చూపించింది.

అధికారిణి వెళ్లి గౌరవంగా ఉమ్ సాలెం నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. "అమ్మా, మీరు ఎన్నేళ్లు ఈదారు?"

ముసలమ్మ బోసినోటితో పకపకా నవ్వింది.

"ఈతా? మా నాన్న ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు. అన్నం దగ్గర ఆయన చెప్పేవన్నీ వినేదాన్ని. నీళ్లంటే నాకు చచ్చేంత భయం తల్లీ, ఈ వయసు వరకూ చీలమండ దాటి దిగలేదు!"