సోమవారం దాకా

"దిగకు! మంచం దిగినవంటే మంచిగుండదు" అంది జానమ్మ, కోడలి కాళ్లకు అడ్డంగా నిలబడి.

"బాత్రూంకే గదత్తా. డాక్టరమ్మ నడవొచ్చన్నది" అంది ఎస్తేరు.

"డాక్టరమ్మకేంది, చెప్తది. నీ కడుపుల వెట్టింది ఐదు రోజుల పిండమంట. ఆవగింజంత గూడ లేదంట. జారితే మల్ల దొరుకుతదా?"

ఎస్తేరు చెద్దరు నడుము దాకా లాక్కుంది. జారడానికి అక్కడిప్పుడేమీ లేదు. పిండం అతుక్కోలేదని మంగళవారమే దవాఖాన నుంచి నర్సు ఫోన్ చేసి చెప్పింది. "ఇంకోసారి రక్తం చూస్తరట, సోమారం తెలుస్తదట" అని అత్తతో అబద్ధమాడి ఇవాళ్టికి మూడు రోజులు. పొద్దున ముట్టు కూడా మొదలైంది. కింద పరిచిన దుప్పటికి మరకయింది.

కొత్తకోటలో, సొంతింట్లో, అత్తాకోడళ్లు రోజుకు నాలుగు మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ. ఎస్తేరు భర్త డానియల్ లారీ ఎక్కి బెంగళూరు వైపు పోయాడంటే వారానికో ఫోను. అలాంటిది, మహబూబ్‌నగర్‌లో దవాఖాన పక్కన ఈ కిరాయి గదిలో దిగినప్పటి నుంచీ జానమ్మ తల దువ్వుతోంది, పాలు కాచి ఇస్తోంది, తన చిన్నప్పటి ముచ్చట్లు చెప్పి నవ్విస్తోంది. అత్త మంచీ వేప తీపీ ఉండవన్నవాడెవడో ఈ గదికి రాలేదు. నిజం చెప్పిన రోజే కొత్తకోట బస్సెక్కాలి. మళ్లీ ఆ ఇల్లు, మళ్లీ ఆ మూగనోము. తలచుకుంటేనే ఎస్తేరుకు ఏడుపొస్తోంది.

"జర అటు జరుగు. దుప్పటి ఉతికేస్త."

"ఒద్దత్తా! మొన్ననే గద ఏసినం."

"గీ ఎండలకు చెమట వాసనొస్తాంది. జరుగు బిడ్డా."

జానమ్మ కొస పట్టి లాగింది. ఎస్తేరు బరువంతా వేసి కూర్చుంది. కాసేపు ఎవరూ తగ్గలేదు. చివరికి, ముప్పై ఏళ్లు పొలాల్లో కైకిలి చేసిన కూలి చెయ్యే గెలిచింది. మరక బయటపడింది.

జానమ్మ దాన్ని చూసింది. దుప్పటిని బకెట్లో వేసి నీళ్లు పోసింది.

ఎస్తేరు మంచం దిగింది. ఇప్పుడెవరూ ఆపలేదు. "తప్పయిందత్తా. మంగళారమే చెప్పిండ్రు, అతుక్కోలేదని. నీకు చెప్పబుద్ధి కాలే. బ్యాగు సర్దుత, పోదాం."

"నాకెర్కే" అంది జానమ్మ, బకెట్ వైపే చూస్తూ. "పాలకు పోయినట్టు పోయి, మంగళారమే నేను గూడ నర్సమ్మనడిగొచ్చిన."

ఎస్తేరు అత్త వైపు తిరిగింది. "మరి నాకెందుకు చెప్పలేదత్తా?"

"చెప్తే ఇంటికి పోదామంటవు. ఆడ నాతోని మాట్లాడేటోళ్లెవ్వలున్నరు బిడ్డా?"