మా అమ్మ: పది మార్కులు

ఏరి ఏరి సీట్లిచ్చే ఆ హైస్కూలు ప్రవేశ పరీక్ష రేపే. ‘మా అమ్మ’ వ్యాసం గడగడా అప్పజెబుతున్న కూతురు ఒక్కచోట తడబడింది.

“మా అమ్మ నన్ను రోజూ... రోజూ... ఒళ్లో కూర్చోబెట్టుకుని కథలు చెబుతుంది.”

తల్లి పక్కున నవ్వింది. “నేనెప్పుడు చెప్పానే?”

“నువ్వు కాదమ్మా. ట్యూషన్ సార్ రాయించిన అమ్మ. మా బ్యాచ్ మొత్తానికీ ఒకటే.”

“నా గురించే రాయొచ్చుగా?”

“మొదట నిన్నే రాశాను. ఇలాంటి అమ్మకి మార్కులు పడవని సార్ కొట్టేశారు.”

తల్లి ఆమెను దగ్గరికి తీసుకుందామని చెయ్యి చాచింది.

కూతురు ఉలిక్కిపడి రెండు చెవులూ గట్టిగా మూసుకుంది.

“మెలిపెట్టకమ్మా! ఈసారి ఆ ‘ఒళ్లో’ దగ్గర తడబడనుగా!”