ఆఖరి నిమిషం పెనాల్టీ

రెఫరీ వెంకటముని అన్యాయం చేశాడు. ఫైనల్లో బంతి తగిలింది భుజానికి, అతను చెయ్యి అన్నాడు. ఆఖరి నిమిషంలో ఇచ్చిన ఆ ఒక్క పెనాల్టీతో పదకొండు మంది కష్టం మట్టిపాలైంది.

ఇంటికి వెళ్ళి నిలదీశాను. వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈల ఎందుకు ఊదినావన్నా?"

"జనం లైను దాటొచ్చి అరస్తా ఉండారు. రాళ్ళు పడతాయని ఊదేసినానప్పా."

"అది న్యాయమా?"

అలసటగా నవ్వాడు. "ఓడిపోయిన కార్వేటినగరమోళ్ళే నోరెత్తకుండా బస్సెక్కినారు. ఆ గోలు కొట్టి గెలిచినోడివి, నీకేమబ్బా నొప్పి?"

తిరుచానూరు జట్టు మిత్రులారా! మీతో వాదించే ఓపిక నాకిక లేదు. కప్పు మనది కాదు, వాళ్ళకిచ్చి వద్దాం. రేపు ఉదయం ఆరు గంటలకు బస్టాండుకు రండి.