గట్టు మీది పాత గూడు

రెండు చెరువుల నడిమి గట్టు మీద ఓ తుమ్మచెట్టు, చెరువు మీదికి వంగిన దాని కొమ్మల్లో ఓ పాత గూడు ఉండేవి. ఏటా ఏ కొంగ ముందొస్తే అది పాత పుల్లల మీదే కొత్త పుల్లలు పేర్చుకుని గుడ్లు పెట్టుకునేది. ఆ ఏడు తెల్లకొంగ ధవళి, బూడిదకొంగ మబ్బులమ్మ ఒక్కసారే వచ్చి వాలాయి. రెండింటికీ గుడ్లు పెట్టే వేళ దగ్గరపడింది.

"ఇది మా ముత్తాతలు కట్టిన గూడు, వదినా," అంది ధవళి.

"మీ ముత్తాతలు గుడ్డులో ఉన్ననాటికే మావాళ్లు ఇక్కడ కాపురం చేశారమ్మా," అంది మబ్బులమ్మ.

కట్టినవాళ్ల ఈక అడుగున ఉండి తీరుతుందని ధవళి నమ్మకం. "విప్పి చూద్దాం రా," అంది. అక్కడే కూర్చుని వింటున్న కాకిని, "ఊరూ పేరూ లేనిదానివి, నీకేం పని ఇక్కడ?" అని రెండూ కలిసి తరిమేశాయి.

ఇక పోటీపడి పుల్లలు లాగాయి. బూడిద ఈక బయటపడితే "ఇంకా కిందికి తియ్యి," అంది ధవళి. తెల్ల ఈక బయటపడితే ఆ మాటే మబ్బులమ్మ అంది. లాగిన పుల్లలన్నీ నీళ్లలో పడి తేలిపోయాయి.

చిట్టచివరి పుల్ల కింద కాకి ఈక దొరికింది.

ధవళి ఆ ఈకను కాలితో తన వైపు లాక్కుని, "కాకి మా తాతే," అంది.

"మీకెలా అవుతాడు? మాకు తాత," అంది మబ్బులమ్మ.

కాకి మళ్లీ వచ్చి పక్క కొమ్మ మీద వాలింది. "ఆ తాత మనవరాలినే నేను. పొద్దున నన్ను తరిమిందెవరమ్మా?"

ధవళి బదులు చెప్పబోయింది. అంతలోనే గుడ్డు పెట్టే వేళ ముంచుకొచ్చింది. అలవాటు కొద్దీ గూట్లో కూర్చోబోతే, కాళ్ల కింద చెరువు కనిపించింది.