నీలం కూజా వేలం

"బావా, నీకేమైనా మతి పోయిందా? పాత గాజు కూజాకి అంత పోస్తారా ఎవరైనా?"

బావమరిది కాలు కాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాడు. ఆయన మాత్రం సోఫాలో భార్య పక్కన కూర్చుని, ఆమె చేతిలోని ఫోన్ వంకే చూస్తున్నాడు. ఆన్‌లైన్ వేలం ముగియడానికి ఇంకాసేపే ఉంది. తెర మీద నీలం గాజు కూజా. సన్నటి మెడ, వంపు తిరిగిన పిడి. దాని కింద రేటు. 'గాలిపటం' అని పేరు పెట్టుకున్నవాడెవడో పోటీకొచ్చి పాడుతున్నాడు. ఎప్పుడూ లేనిది ఇవాళే ఊడిపడ్డాడు మహానుభావుడు.

"ఏవండీ, వాడు మళ్ళీ పెంచాడు," అంది ఆమె బిక్కమొహం వేసి. "పోనీలెండి, వదిలేద్దాం."

"వదలొద్దు. ఇంకో వెయ్యి పెట్టు."

"వెయ్యే!" బావమరిది నెత్తి కొట్టుకున్నాడు. "కూరలవాడితో చిల్లర కోసం అరగంట పోట్లాడే మనిషివి నువ్వు!"

మాట నిజమే. గాజు కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో బతుకంతా వెళ్ళదీసిన మనిషి ఆయన. పొట్లం కట్టిన దారాన్ని కూడా ఉండ చుట్టి దాచే రకం. అలాంటివాడు ఇవాళ చేతికి ఎముక లేనట్టు పెంచమంటున్నాడు. ఈ కూజా చెయ్యి దాటిపోతే మళ్ళీ దొరకదు. అది దొరక్కపోతే ఆమె కూడా దొరకదు.

ఆమెకి మతిమరుపు జబ్బు. పాతవి ఉంటాయి, కొత్తవి నిలవవు అన్నాడు డాక్టరు. ఈమధ్య పాతవీ జారిపోతున్నాయి. మొన్న కంచం ముందు పెడితే, "మీరు వెళ్ళండి బాబూ, మావారు వచ్చే వేళయింది," అంది. ఏం చేస్తాడు? గుమ్మం బయటికెళ్ళి నిలబడ్డాడు. కాసేపాగి తలుపు కొట్టి, అప్పుడే పనినుంచి వచ్చిన మొగుడిలా మళ్ళీ లోపలికొచ్చాడు. కానీ వేలంలో గెలిచింది ఇంటికొచ్చి, పెట్టె విప్పే పూట మాత్రం ఆమె పూర్వపు మనిషే. నవ్వుతుంది, వేళాకోళమాడుతుంది. ఆ ఒక్క పూట కోసమే ఈ తిప్పలన్నీ.

"పోయిన నెల కూడా కూజాయే కొన్నావుగా అక్కా? అదేదీ?" నిలదీశాడు బావమరిది.

"ఏ కూజారా?" అంది ఆమె అయోమయంగా.

"గాజు కదా, ఆగుతుందా? పగిలిపోయింది," అన్నాడు ఆయన గబుక్కున.

"చూశావా! ఆ అమ్మేవాడెవడో గజదొంగ బావా. వాడే ఇంకో పేరుతో దూరి రేటు పెంచుతుంటాడు. పైగా సైటువాడు మధ్యలో వాటా గుంజుకుంటాడు."

"ఆ వాటా ఒక్కటే నా బాధ," నిట్టూర్చాడు ఆయన.

"దొరకాలి గానీ, ఆ అమ్మేవాడి పీక పిసికేస్తాను!"

"పోనీలేరా. వాడి అవసరం ఏమిటో."

ఫోన్ టింగుమంది. గాలిపటం ఇంకోసారి ఎగిరాడు. ఆయన ఆమె వేలు పట్టుకుని తనే నొక్కించాడు. మళ్ళీ ఎగిరాడు. మళ్ళీ నొక్కించాడు. ఆఖరికి గాలిపటం దారం తెంపుకుని పోయాడు. కూజా ఆమెదే! ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "మీ ఖర్మ. ఇల్లు గుల్లయ్యాక నాకు చెప్పండి," అని బావమరిది చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన బరువైన సంచీ పట్టుకుని మందుల కోసమని బయల్దేరాడు. తిరిగొచ్చేసరికి నడుము పట్టేసింది. ఆ వారమంతా ఆమెకి బాగాలేదు. ఆయన మళ్ళీ మళ్ళీ బయటికెళ్ళి తలుపు కొట్టాల్సి వచ్చింది. ఈ వయసులో ఎన్నిసార్లని ఇంటికి రాగలడు మనిషి?

చివరికి పార్సిల్ వచ్చింది.

ఆమె నేల మీద చతికిలబడి కత్తెర అందుకుంది. పొరలు పొరలుగా కాగితం, మూలల్లో అట్టముక్కలు, పిడి చుట్టూ మెత్తటి గుడ్డపేలిక.

"ఎంత శ్రద్ధగా కట్టాడండీ! ఇన్నేళ్ళు ప్యాకింగులో చేశారు, మీకెప్పుడైనా చేతనయిందా ఇలా?"

"వాడికీ నాకూ పోలికేమిటే. వాడు పనిమంతుడు."

ఆమె పకపకా నవ్వింది. ఆయన ప్రాణం లేచొచ్చింది. ఆమె కూజాని కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే, మొహం మీద నీలం వెలుగు పడింది.

"ఇలాంటిదే మనింట్లో ఉండేది కదూ? పిడిలో గాలిబుడగ పడిందని కంపెనీవాళ్ళు పక్కన పారేస్తే, పెళ్ళయిన కొత్తలో మీరు అడిగి తెచ్చారు. అదే నాకు మీరిచ్చిన మొదటి కానుక, పిసినారి మొగుడూ! ఏమైపోయిందండీ అది?"

"ఏమో. ఇల్లు మారినప్పుడు పోయినట్టుంది."

"పోతే పోయింది లెండి, ఇది దొరికిందిగా. అప్పట్లో మీకెంత జుట్టుండేదో!" అని ఆయన బట్టతల నిమిరింది.

ఆయన నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఒళ్ళంతా అలసటగా ఉంది, అయినా ఎంతో హాయిగా కూడా ఉంది. కబుర్లు చెప్పీ చెప్పీ, మధ్యాహ్నానికి ఆమె సోఫాలోనే నిద్రపోయింది.

ఆయన చప్పుడు చెయ్యకుండా లేచి, పిడిలోని గాలిబుడగని ఒక్కసారి వెలుగులో చూసుకుని, ఆ కూజాని మళ్ళీ అవే కాగితాల్లో చుట్టి అదే పెట్టెలో సర్ది, తన ఫోన్ తీసి వేలం సైటులో ఎప్పటిలాగే అమ్మకానికి పెట్టాడు.