వెనక గది కప్పు

మేస్త్రి సుత్తి పిడితో కప్పును రెండుసార్లు తట్టాడు. డొల్ల శబ్దం వచ్చింది. మూడోసారి తట్టేసరికి అరచేయంత పెచ్చు ఊడి కింద మంచం మీద పడింది. పైన చువ్వలు తుప్పు తినేసి పుల్లల్లా కనిపించాయి.

"సరిగ్గా తల పెట్టుకునే చోట పడింది, చూడండమ్మా."

ఇంటావిడ దుప్పటి దులిపింది. "చూశాను. ఎంతవుతుంది?"

"కప్పు విప్పి మళ్ళీ పోయాలి. లక్షా నలభై."

"మరి మురుగు గొట్టం?"

"సందు పొడుగునా తవ్వాలి. అదో లక్షా ముప్పై."

ఆవిడ లెక్క ఆవిడకుంది. ఏటా ఒక నెల అద్దెలన్నీ మరమ్మతులకని విడిగా బ్యాంకులో వేస్తుంది. ఆ డబ్బు దాటి కొత్త అప్పు జోలికి పోదు. పోయినేడు మోటారు, అంతకుముందు మేడమెట్లు తినగా మిగిలింది లక్షన్నర. రెంటిలో ఒక్కటే అవుతుంది.

"గొట్టం కానియ్యి," అంది.

"కంపు కొడితే ముక్కు మూసుకుంటారమ్మా. ఇది నెత్తిన పడితే మనిషే ఉండడు."

"కంపు కొడితే మేడ మీద రెండు వాటాలూ ఖాళీ అవుతాయి నాయనా. అప్పుడు ఇంటి అప్పు వాయిదా నువ్వు కడతావా? ఈ గదిలో వాళ్ళు ఎక్కడికీ పోరు. పైసా అద్దె ఇచ్చే రకమూ కాదు."

"ఎవరుంటారిందులో?"

"ఓ ముసలాయన. చెవుడు. పెచ్చులు రాలుతున్నా గురక ఆపడు. ఆయన పెళ్ళాం ఉంది, దానికి నోరెక్కువ, ఒళ్ళంతా మొండితనం."

"వాళ్ళకైనా సంగతి చెప్పండి."

"దానికి తెలుసులే."

"ఇప్పుడేరీ వాళ్ళు?"

"ఆయన క్షవరానికెళ్ళాడు. ఆవిడ పనిలో ఉంది," అని నవ్వి, ఇంటావిడ తలుపుకు తాళం వేసింది.

ఆ నవ్వు మేస్త్రికి మింగుడుపడలేదు.

రెండు రోజులు గొట్టం పని నడిచింది. ఆవిడ ముందు వరండాలో కుర్చీ వేసుకుని, "ఇంకాస్త లోతు తవ్వించు, డబ్బులు ఊరికే రావడం లేదు," అని అజమాయిషీ చేసింది. ఆమె వెనకాల, ముందు వాటా కిటికీకి కొత్త తెరలు, గోడకు ఏసీ. మహాతల్లి చల్లగా పడుకుంటుంది కాబోలు అని మేస్త్రి పళ్ళు నూరుకున్నాడు.

ఒకసారి ఇలాంటి కప్పు కిందనుంచే అతను ఒక మనిషిని బయటికి లాగాడు. ప్రమాదం సంగతి ముందే ఆ ఇంటి యజమానికి చెప్పాడు గానీ, లోపల ఉన్నవాళ్ళకు చెప్పలేదు. "తెలిసి మాకెందుకు చెప్పలేదన్నా?" అని ఆ మనిషి భార్య అడిగిన మాట ఇప్పటికీ అతన్ని వదల్లేదు.

మూడోనాడు సాయంత్రం ఆకాశం నల్లగా కమ్ముకొచ్చింది. కప్పుకు కిందనుంచి ఊతం పెడదామని మేస్త్రి తన సొంత సెంట్రింగ్ కర్రలు ఎనిమిది బండి మీద వేసుకుని బయలుదేరాడు. ఇంటావిడ కంటబడకుండా పక్కసందులోంచి వెనక్కి వెళ్ళాడు. గదిలో దీపం వెలుగుతోంది. కర్రలు దింపాడు.

'కూలీ వద్దు, కర్రలకు అద్దె వద్దు, ఇంటావిడకు మాత్రం చెప్పకండి.' ఆ మాట నోట్లో సిద్ధం చేసుకుని తలుపు తట్టాడు.

తలుపు తీసింది ఇంటావిడే, చేతిలో సగం తిన్న కంచం, లోపల మంచం మీంచి ముసలాయన "ఎవరే వచ్చింది?" అని భార్యను గట్టిగా అడుగుతున్నాడు.