కొత్త బండికి ప్రార్థన

చర్చి సంఘం వాళ్లందరూ చేతులుంచి ప్రార్థన చేస్తుండగానే కొత్త మోటారు సైకిలు దభాలున కుడివైపుకు పడిపోయింది.

అందరూ వెళ్లిపోయాక, వైశాలి కాలనీలో తన ఫ్లాటు కింద యేసుదానం పానా పట్టుకుని కూర్చున్నాడు. బ్రేకు లివరు వంగింది. ఇండికేటరు పగిలింది. షోరూము నుంచి ఇంటిదాకా తప్ప తిరగని బండి!

“ఎవడో ఒంటి బరువంతా దీనిమీదే వేశాడు. ఎవడని అడగను? అందరూ కళ్లు మూసుకునే ఉన్నారాయె!”

పగిలిన ఇండికేటరుకు టేపు చుట్టాడు. అంటుకోలేదు. విసిరికొట్టాడు.

“పాస్టరుగారు మాత్రం, బండికి అరగంట ప్రార్థనా?”

“నేను కళ్లు తెరిచే ఉన్నానండీ,” అంది పక్కనే నిలబడ్డ భార్య రెబ్కా.

“అచ్ఛా! మరి చెప్పవేం? ఎవడు వాడు?”

“మీరే. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసి నేరుగా వచ్చారు. నిలబడే నిద్రపోయి బండి మీదకి ఒరిగిపోయారు.”

యేసుదానం చేతిలో పానా ఆగిపోయింది.

రెబ్కా దాన్ని మెల్లగా తీసుకుంది.

“ఆ బ్రేకు ఇప్పుడే బాగుచెయ్యకండి. బాగైతే రేపు డ్యూటీ దిగి దీనిమీదే వస్తానన్నారు.”